ఛాతీ మీద బ్యాడ్జి, దాని వెనక చేతులు

ఈసారి పోస్టు పొడుగ్గా ఉంటుంది, డ్యూటీ అయిపోయాక తీరిగ్గా చదువుకోండి.

గల్ఫ్‌కి వచ్చిన మనవాళ్ళలో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోనివాళ్ళు లేరు. ఊళ్ళో అప్పు చేసినా, పొలం కుదువపెట్టినా, ఏజెంటు చుట్టూ ఆర్నెల్లు తిరిగినా, చివరికి మెడికల్ సెంటర్‌లో చొక్కా విప్పి ఆ చల్లటి ప్లేటుకి ఛాతీ ఆనించి నిలబడాల్సిందే. ఫిట్ అని రాస్తే విమానం. ఊపిరితిత్తి మీద పాత టీబీ మచ్చ కనిపిస్తే వెనక్కి ఊరికి. ఇక్కడ దిగాక రెసిడెన్సీ కార్డు కోసం మళ్ళీ అదే ప్లేటు.

మేము ఆ ప్లేటుకి ఇవతలివైపు ఉండేవాళ్ళం. ఇక్కడ ఒక పెద్ద ఆసుపత్రిలో రేడియాలజీలో పనిచేసే తెలుగువాళ్ళం నలుగురం. "ఖుద్ నఫస్" అని అరబ్బీలో చెప్పేది మేమే, ఎదుటివాడు మనోడని తెలిస్తే "ఊపిరి పీల్చి బిగబట్టు అన్నా" అని చెప్పేదీ మేమే. అప్పుడు ఆ అన్నలు మమ్మల్ని అడిగేది దాదాపు ఒకటే మాట: "మీరేమో గోడెనక పోయి దాక్కుంటరు, మమ్మల్నేమో మిషను ముందర నిలబెడతరు. ఇదేం న్యాయం?"

అడగాల్సిన ప్రశ్నే. చిన్న జవాబు ఏంటంటే, ఒక్క ఛాతీ ఎక్స్‌రేతో ఒంటికి చేరేది సుమారు 0.02 మిల్లీసీవర్ట్. ఎక్స్‌రే అనేదే ఎరగని మనిషికి కూడా మట్టి నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్ తగులుతూనే ఉంటుంది. అంటే మీ ఎక్స్‌రే మూడు రోజులు మామూలుగా బతికినదానితో సమానం. మీరు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి నిలబడి వెళ్ళిపోతారు. మేము ఒక షిఫ్టులో వంద మందికి తీస్తాం, నెలకి ఇరవై ఆరు రోజులు, అలా ఎన్నేళ్ళో. ప్రతిసారీ అక్కడే నిలబడితే ఏమవుతుందో చూసినవాళ్ళు ఉన్నారు. ఆ గోడ వాళ్ళు చెబితేనే కట్టారు.

పెద్ద జవాబు వాళ్ళ గురించే.

1895 నవంబర్ 8న జర్మనీలోని వుర్ట్స్‌బుర్గ్‌లో రాంట్‌గెన్ ఈ కిరణాన్ని కనిపెట్టాడు. డిసెంబర్ 22న భార్య చేతిని ఫొటో ప్లేటు మీద తీశాడు, ఉంగరంతో సహా ఎముకలు కనిపించాయి. ఇదంతా మనం పరీక్షల కోసం బట్టీపట్టిందే. ఆయన పేటెంటు తీసుకోలేదు, 1901లో ఫిజిక్స్‌కి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. మంచిదే. కానీ పుస్తకంలో ఈ పేజీ తర్వాత ఉండాల్సిన పేజీ మనకి ఎవరూ చెప్పలేదు.

వార్త బయటికొచ్చిన కొన్ని నెలల్లోనే యూరప్‌లో, అమెరికాలో ఎక్కడ చూసినా ఎక్స్‌రే గొట్టాలు. అవి ఇప్పటివాటిలా ఉండేవి కావు. లోపల కాస్త గ్యాసు ఉండేది, వాడేకొద్దీ దాని గుణం మారిపోయేది. పొద్దున ఒక తీరు, మధ్యాహ్నం ఒక తీరు. ఇప్పుడు మనం కేవీ ఇంత, ఎంఏఎస్ ఇంత అని పెట్టుకుంటాం కదా, అప్పుడు ఆ అంకెలు లేవు. మరి గొట్టం సరిగా ఉందో లేదో తెలిసేదెలా? గొట్టానికీ తెరకీ మధ్యలో పనివాడు తన చెయ్యే పెట్టి చూసేవాడు. ఎముకలు తేటగా కనిపిస్తే గొట్టం బాగున్నట్టు. రోజుకి ఎన్ని పేషెంట్లో అన్నిసార్లు. అంటే ఆ మనిషి చెయ్యే మీటరు అన్నమాట.

న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర క్లారెన్స్ డాలీ అని గాజుపని చేసే అతను ఉండేవాడు. ఎడిసన్ పేరు ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలుసు, డాలీ పేరు రేడియాలజీ చదివినవాళ్ళకే తెలియదు. ఎక్స్‌రేలు చూసే యంత్రం మీద ఎడిసన్ పని మొదలుపెడితే గొట్టాలు ఊదింది డాలీ, వాటిని పరీక్షించింది కూడా డాలీయే, తన చేతులతోనే. ఎడమ చెయ్యి కాలి పుండ్లు పడితే కుడి చెయ్యి పెట్టడం మొదలుపెట్టాడు. ముందు వేళ్ళు, తర్వాత చెయ్యి, చివరికి రెండు చేతులూ తీసేయాల్సి వచ్చింది. 1904లో చనిపోయాడు, నలభై ఏళ్ళు కూడా నిండలేదు. అమెరికాలో ఎక్స్‌రే వల్ల ప్రాణం పోయిన మొదటి మనిషిగా ఇతన్నే లెక్కపెడతారు. ఎడిసన్ ఆ పని మొత్తం వదిలేశాడు, ఎక్స్‌రే మాటెత్తితేనే భయపడేవాడట. ఆయన వదిలేయగలిగాడు, ఆయనకి వేరే వందపనులున్నాయి. డాలీకి ఉన్న పని అదే.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎలిజబెత్ ఫ్లైష్‌మన్ అనే ఆవిడ. ఒక కంపెనీలో లెక్కలు రాసుకునే ఉద్యోగి, వైద్యం చదవలేదు. 1896లో ఈ విద్య నేర్చుకుని సొంతంగా ఎక్స్‌రే గది పెట్టింది. ఫిలిప్పీన్స్ యుద్ధం నుంచి వచ్చిన సైనికుల ఒంట్లో గుండ్లు ఎక్కడున్నాయో చూపించడంలో ఆమెని మించినవాళ్ళు లేరని సైన్యం డాక్టర్లే మెచ్చుకున్నారు. 1905 మొదట్లో చెయ్యి తీసేశారు, అదే ఏడాది ఆగస్టులో పోయింది. ఆమె కూడా గొట్టం ముందు తన చెయ్యే పెట్టి చూసేది, పేషెంట్లకి భయం పోవడానికి.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌లో డాక్టర్ జాన్ హాల్ ఎడ్వర్డ్స్. 1896 జనవరిలోనే, అంటే వార్త వచ్చిన కొద్ది రోజులకే, ఒక చేతిలో ఉన్న సూదిని ఎక్స్‌రేలో చూపించాడు. 1908లో ఆయన ఎడమ చెయ్యి తీసేశారు.

తెలియక జరిగింది, ఎవరూ హెచ్చరించలేదు అనుకుంటాం. అదీ కాదు. బోస్టన్‌లో విలియం రోలిన్స్ అని ఒక పళ్ళ డాక్టరు ఉండేవాడు, తన చెయ్యి కాలడంతో అనుమానం వచ్చి పరిశోధన మొదలుపెట్టాడు. 1901లో గినీ పందుల మీద చూసి, ఒంటి మీద కాలిన గాయం లేకపోయినా ఎక్స్‌రే ప్రాణం తీయగలదని రాశాడు. గొట్టాన్ని సీసం డబ్బాలో పెట్టండి, కళ్ళకి అడ్డం పెట్టుకోండి, పేషెంటుకి కావలసినంత మేరకే కిరణం పడనివ్వండి అన్నాడు. ఇవాళ మనం కోలిమేషన్ అని చేసేది ఆ చివరి మాటే. అప్పట్లో దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. కరెంటు వల్ల కాలిందన్నారు, ఆ మనిషి చర్మమే అలాంటిదన్నారు, సరిగా వాడటం రానివాళ్ళకే అలా అవుతుందన్నారు. ఈ చివరి మాట ఎక్కడో విన్నట్టు లేదూ? సైటులో ఎవరైనా పైనుంచి పడితే సూపర్‌వైజరు రిపోర్టులో రాసేది అదే.

ఇక మిషన్లని ఆసుపత్రి నుంచి బయటికి తీసుకెళ్ళింది యుద్ధాలు. 1897-98లో మన దేశపు వాయవ్య సరిహద్దులో తీరా దండయాత్రకి సర్జన్ బీవర్ ఎక్స్‌రే మిషను మోయించుకెళ్ళాడు. 1898లో సూడాన్‌లో, అంటే మనకి ఎర్రసముద్రం అవతలే, మేజర్ బాటర్స్‌బీకి కరెంటు లేదు. ఇద్దరు తొక్కే సైకిలుకి డైనమో కట్టి, సైనికుల చేత తొక్కించి బ్యాటరీలు నింపుకున్నాడు. జులైలో ఇక్కడ బయట నిలబడ్డవాళ్ళకి ఆ ఎండలో సైకిలు తొక్కడమంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మేరీ క్యూరీ కార్లలో మిషన్లు పెట్టి ఫ్రాన్స్ యుద్ధభూమికి తోలుకెళ్ళింది, కూతురు ఐరీన్‌తో కలిసి. సుమారు 150 మంది ఆడవాళ్ళకి ఎక్స్‌రే పని నేర్పింది. మన పోర్టబుల్‌కి ముత్తవ్వ ఆ కారే. క్యూరీ 1934లో ఎముక మజ్జ పాడై పోయింది, ఐరీన్ 1956లో రక్త క్యాన్సర్‌తో.

అదే 1934లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో కెప్టెన్ బర్నార్డ్ పేరు మీద రేడియాలజీ సంస్థ మొదలైంది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి దాన్ని మనదే అనుకోవచ్చు.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. పనివాళ్ళని కాపాడాలని రాతపూర్వకంగా మొదటి గట్టి నియమాలు వచ్చింది 1921లో, బ్రిటన్‌లో. ఎందుకు వచ్చాయంటే, లండన్ చారింగ్ క్రాస్ ఆసుపత్రిలో ఐరన్‌సైడ్ బ్రూస్ అనే పేరున్న రేడియాలజిస్టు ఆ ఏడాదే రక్తం విరిగి చనిపోయాడు, పేపర్లు గోల చేశాయి. అంతకుముందు పోయిన గాజుపనివాళ్ళకీ లెక్కలు రాసుకునేవాళ్ళకీ కమిటీ వెయ్యలేదు, పెద్ద డాక్టరు పోయేసరికి వేశారు. సరే, వేశారు కదా, అందులో ఏం రాశారో చూడండి.

ఎక్స్‌రేలో పనిచేసేవాళ్ళకి రోజుకి ఏడు గంటలకి మించి పని ఉండకూడదు. ఆదివారం సెలవు, దానికి తోడు వారంలో రెండు సగం రోజులు సెలవు. ఆ సెలవులు వీలైనంత వరకు ఆరుబయట గడపాలి. ఏడాదికి నెల రోజులు సెలవు.

మా గదిలో ఇది పైకి చదివితే అందరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. పన్నెండు గంటల షిఫ్టులు, దాని మీద ఆన్‌కాల్, ఎవరైనా లీవులో పోతే డబుల్. రెండేళ్ళకోసారి టికెట్. 1921లో రాసిన కాగితం ముందు 2020లలోని డ్యూటీ రోస్టరు ఇలా ఉంది. నిజానికి ఆ నియమం వెనకున్న సైన్సు సరైనది కాదు. గాలి మారితే, విశ్రాంతి దొరికితే కిరణం చేసిన చెడు పోతుందని వాళ్ళు అనుకున్నారు. తగిలిన డోసు సెలవు పెడితే దిగదు. కానీ పనివాడి గంటలు లెక్కపెట్టాలన్న బుద్ధి మాత్రం తప్పు కాదు. నిద్రలేని రాత్రి మూడింటికి పోర్టబుల్ తోసుకుంటూ ఐసీయూకి పోయేవాడు రెండు మీటర్లు వెనక్కి నడవడానికి కూడా బద్ధకిస్తాడు. డోసు పెరిగేది అలాంటి గంటల్లోనే.

1928లో స్టాక్‌హోమ్‌లో దేశాలన్నీ కలిసి ఒక రక్షణ కమిటీ పెట్టుకున్నాయి, అదే ఇప్పటి ఐసీఆర్‌పీ. బ్రిటన్ వాళ్ళ పని గంటలు, సెలవుల మాటనే అదీ తీసుకుంది. మరి ఎంత డోసు వరకు పరవాలేదు? దానికి కొలత చర్మం ఎర్రబడటం. 1925లో ముట్‌షెల్లర్ అనే ఆయన, చర్మం ఎర్రబడటానికి కావలసిన డోసులో నూరోవంతు నెలకి తగిలితే ఏమీ కాదని లెక్కకట్టాడు. 1934లో ఐసీఆర్‌పీ ఒప్పుకున్న హద్దు రోజుకి 0.2 రాంట్‌గెన్. ఇప్పటి లెక్కలోకి మార్చితే, ఇవాళ మనకి ఏడాది మొత్తానికి పెట్టిన హద్దు అప్పటివాళ్ళకి సుమారు పది రోజుల్లో అయిపోయేది. అదీ చట్టబద్ధంగా, ఎవరూ తప్పు చేయకుండానే.

1936లో జర్మనీ హాంబర్గ్‌లో సెయింట్ గేయార్గ్ ఆసుపత్రి ఆవరణలో ఒక రాయి నిలబెట్టారు. ఎక్స్‌రే, రేడియం పనిలో పోయినవాళ్ళ పేర్లు, దేశాలవారీగా. మొదట్లోనే నూట యాభైకి పైగా పేర్లు, 1959కి 350 దాటాయి. డాక్టర్లు, నర్సులు, ఫిజిక్స్ వాళ్ళు, టెక్నీషియన్లు అందరూ ఉన్నారు. మామూలుగా రాళ్ళ మీద పేర్లు కట్టించినవాళ్ళవి ఉంటాయి, పనిచేసి పోయినవాళ్ళవి చెక్కిన రాళ్ళు మేము ఎక్కువ చూడలేదు.

తర్వాత హద్దు దిగుతూ వచ్చింది. 1950లలో ఏడాదికి 50 మిల్లీసీవర్ట్ అన్నారు. హిరోషిమా, నాగసాకిలో బతికి బయటపడ్డవాళ్ళని దశాబ్దాలు గమనించాక, తక్కువ డోసుకి కూడా క్యాన్సర్ లెక్క మునుపు అనుకున్నదానికంటే ఎక్కువని తేలి 1990లో ఏడాదికి సగటున 20కి దించారు. ఐదేళ్ళకి మొత్తం 100, ఏ ఒక్క ఏడాదీ 50 దాటకూడదు. మన ఇండియాలో అణుశక్తి నియంత్రణ మండలి ఇంకా బిగించి, ఏ ఒక్క ఏడాదీ 30 దాటొద్దంది. ఇంటి దగ్గర నియమం ఇక్కడికంటే గట్టిగా ఉన్న సంగతుల్లో ఇదొకటి, అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఈ హద్దులన్నీ కాగితం మీద ఉంటే సరిపోదు, ఎవరికి ఎంత తగిలిందో తెలియాలి. అందుకే బ్యాడ్జి. మొదట్లో పళ్ళ ఎక్స్‌రే ఫిలిం ముక్క జేబులో వేసుకుని, అది నల్లబడితే జాగ్రత్త పడేవాళ్ళు. అమెరికాలో అణుబాంబు చేసే రోజుల్లో ఫిలిం బ్యాడ్జి పద్ధతిగా వచ్చింది. ఆ తర్వాత టీఎల్‌డీ. అందులో ఉండేది చిన్న ఉప్పులాంటి స్ఫటికం. ఇండియాలో భాభా కేంద్రం వాళ్ళది కాల్షియం సల్ఫేట్‌తో చేస్తారు, బయట ఎక్కువగా లిథియం ఫ్లోరైడ్. కిరణం తగిలినప్పుడల్లా ఆ శక్తి కొంత స్ఫటికంలో చిక్కుకుపోతుంది. ల్యాబులో దాన్ని వేడిచేస్తే చిక్కుకున్నదంతా వెలుతురుగా బయటికొస్తుంది. ఎంత వెలుతురో అంత డోసు. అందుకే దాన్ని కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదలకూడదు, లెక్క కొంత అక్కడే కారిపోతుంది. ఆప్రాన్‌కి తగిలించి ఎక్స్‌రే రూములోనే వదిలి ఇంటికి పోకూడదు, మీరు నిద్రపోతుంటే మీ పేరు మీద డోసు ఎక్కుతుంది.

ఇవి చిన్న పొరపాట్లు, సర్దుకోవచ్చు. వేరే ఒకటుంది. క్యాత్ ల్యాబ్‌లో, ఆపరేషన్ థియేటర్‌లో సీ-ఆర్మ్ దగ్గర గంటలు గంటలు నిలబడే కొందరు బ్యాడ్జి లాకర్‌లో పెట్టి లోపలికి పోతారు. ఒకచోట, పేరెందుకులెండి, రీడింగు ఎక్కువొచ్చినవాణ్ణి రెండు నెలలు ఫైళ్ళ పనికి మార్చారు. ఓవర్‌టైమ్ పోయింది, ఆన్‌కాల్ డబ్బు పోయింది. ఇంటికి పంపేది తగ్గింది. ఆ తర్వాత అక్కడ ఎవరి రీడింగూ ఎక్కువ రాలేదు. మిషను అదే, పేషెంట్లు అంతే, డోసు మాత్రం కాగితం మీద మాయమైపోయింది. రీడింగు ఎక్కువొస్తే పనివాడి జీతం కొయ్యడం తప్పని మా అభిప్రాయం. ఎక్కువొచ్చిందంటే అడ్డుతెర ఎక్కడ లేదో, మనుషులు ఎంతమంది తక్కువున్నారో వెతకాలి. కానీ బ్యాడ్జి లాకర్‌లో పెడితే ఎవడి మీదా కక్ష తీరదు. రేపు ఏదైనా రోగం వస్తే పని వల్ల వచ్చిందని చూపించడానికి చేతిలో ఉండేది ఆ సున్నాల కాగితం. డాలీ దగ్గర చెయ్యన్నా ఉంది చూపించడానికి.

ఇది ఆసుపత్రివాళ్ళ గొడవే కదా అని రిఫైనరీల్లో, పైపులైన్లలో ఉన్న తమ్ముళ్ళు అనుకోవద్దు. వెల్డింగు జాయింట్లకి ఫిలిం తీసే ఎన్‌డీటీ వాళ్ళలో మన తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ దగ్గర ఉండేది ఇరిడియం సోర్సు, స్విచ్ ఆపితే ఆగేది కాదు. 1996లో ఇరాన్‌లోని గిలాన్‌లో ఒక పవర్‌ప్లాంటు దగ్గర అలాంటి సోర్సు జారి పడిపోయింది. సామాను మోసే కూలీ ఒకడు మెరిసే పెన్సిల్ లాంటిది కనిపించిందని తీసి ఛాతీ జేబులో వేసుకున్నాడు, గంటన్నర పాటు. ప్రాణం దక్కింది గానీ ఛాతీ మీద కండ కుళ్ళిపోయింది. 2000లో ఈజిప్టులో మీత్ హల్ఫా అనే ఊళ్ళో ఒక రైతుకి అలాంటిదే దొరికితే విలువైన లోహమనుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. అతనూ, చిన్న కొడుకూ చనిపోయారు, మిగతా కుటుంబం జబ్బుపడింది. ఈ ఇద్దరి దగ్గరా బ్యాడ్జి లేదు, ఆ వస్తువేంటో చెప్పినవాళ్ళు లేరు. సైటులో మూడు రెక్కల గుర్తున్న డబ్బా గానీ, దారిలో పడి ఉన్న ముక్కు తెలియని లోహం ముక్క గానీ కనిపిస్తే ముట్టుకోకండి, దూరం జరిగి సేఫ్టీవాణ్ణి పిలవండి.

చివరిగా కాగితాల సంగతి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నియమాల్లో ఉంది, మన డోసు రికార్డుని మనకి 75 ఏళ్ళు వచ్చేవరకూ దాచాలి, ఆ పని మానేశాక కూడా 30 ఏళ్ళకి తక్కువ కాకుండా ఉంచాలి. అడిగితే మన రికార్డు మనకి చూపించాలి. నియమం బాగానే ఉంది. కానీ మనం ఒక దేశంలో నాలుగేళ్ళు, ఇంకో దేశంలో ఆరేళ్ళు, మళ్ళీ ఊళ్ళో నర్సింగ్‌హోమ్‌లో కొన్నాళ్ళు. ఆసుపత్రులు చేతులు మారతాయి, బ్యాడ్జి కంపెనీ కాంట్రాక్టు మారుతుంది. డిగ్రీ, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ కోసం నెలలు తిరుగుతాం, డోసు కాగితం మాత్రం ఎవరం అడగం. మాలో పెద్దాయన ఒక్కడే ఇప్పటికి మూడు దేశాల షీట్లు ప్లాస్టిక్ కవరులో, పదో తరగతి మెమో పక్కనే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఇరవై రెండేళ్ళ లెక్క కూడితే ఏడు మిల్లీసీవర్ట్ చిల్లర. గోడ వెనక్కి పోయే అలవాటు ఆయనకి అంత గట్టిది.

ఫైనల్ ఎగ్జిట్ పెట్టేవాళ్ళు క్లియరెన్స్ సంతకాలప్పుడే రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి కూడా వెళ్ళి, చేరిన రోజు నుంచి ఇప్పటిదాకా ఉన్న డోసు రిపోర్టు స్టాంపుతో తీసుకోండి. వెళ్ళిపోయాక అడిగితే మెయిల్‌కి జవాబు రావడం కష్టం. ఇంగ్లీషులో అర్జీ ఎలా రాయాలో మా దగ్గర నమూనా ఉంది, కావలసినవాళ్ళు ఇన్‌బాక్స్‌లో అడగండి. నైట్ డ్యూటీలో ఉంటాం కాబట్టి జవాబు పొద్దున ఎనిమిది తర్వాతే.